ఇరవయ్యో మనిషి

మా వైపు ఎవరికైనా కాఫీ ఇవ్వాలంటే మూడుసార్లు అడగాలి. మొదటిసారి వద్దంటారు, రెండోసారి మీకెందుకు శ్రమ అంటారు, మూడోసారికి కప్పు చాపుతారు. రెండుసార్లు అడిగి ఊరుకున్నవాళ్ళకు మనసు లేదని లెక్క. ఇది మాకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య.

నా పేరు మార్లిస్ ఎంగెన్. ప్రెయిరీ గడ్డిమైదానాల మధ్యనున్న చిన్న సర్కారు యూనివర్సిటీలో వాతావరణం పాఠం చెబుతాను. ఏటికేడు కాంట్రాక్టు. ఇంట్లో నేనొక్కదాన్నే. రేడియో మాట్లాడుతుంది, నేను వింటాను.

హాల్వర్ ట్వైట్ డెబ్బై తొమ్మిదేళ్ళ రైతు. ముసలివాళ్ళు క్లాసులో కుర్చీ ఖాళీగా ఉంటే ఫీజు లేకుండా కూర్చోవచ్చని మా రాష్ట్రంలో రూలుంది. భార్య ఆర్డిస్ పోయిన దగ్గర్నుంచీ, అంటే నాలుగేళ్ళుగా, మంగళ గురువారాలు పదింటికి నా ముందు వరసలో ఉంటాడు. పాఠం ఒకటే అయినా ఏటా కొత్త నోటుపుస్తకం తెస్తాడు. క్లాసయ్యాక ఫ్లాస్కు మూతలో నాకు కాఫీ పోస్తాడు. నేను రెండుసార్లు వద్దని, తాగుతాను.

"వారానికి ఈ రెండు రోజులే టీచరమ్మా, నా గొంతు నాకు వినబడేది," అన్నాడొకసారి.

నాకూ అంతేనని చెప్పలేదు.

ఆ ఏడు పక్క యూనివర్సిటీలు ఫీజులు పెంచాయి, మావాళ్ళు పెంచలేదు. పిల్లలు విరగబడి వచ్చారు. హాస్టల్లో ఇద్దరుండే గదికి ముగ్గురయ్యారు. దాంతో మా డీన్ క్లిఫ్ బోస్టాడ్‌కు రాష్ట్రంలో ర్యాంకు పిచ్చి పట్టింది. ఇరవైకి తక్కువమంది ఉన్న క్లాసులు ఎన్ని ఎక్కువుంటే ర్యాంకు అంత పైకి. సెమిస్టరు పదో రోజున తలలు లెక్కపెడతారు.

"పంతొమ్మిది, మార్లిస్. ఇరవయ్యో తల కనబడకూడదు," అన్నాడు క్లిఫ్. "వచ్చే ఏడు నీ కాంట్రాక్టు కూడా గుర్తుపెట్టుకో."

నా పట్టీలో పంతొమ్మిది మంది పిల్లలు. హాల్వర్‌తో ఇరవై.

తొమ్మిదో రోజు క్లాసయ్యాక కాఫీ పోయబోతుండగా చెప్పాను. "హాల్వర్ గారూ, ఈసారి కుర్చీ ఖాళీ లేదు. పిల్లలు ఎక్కువయ్యారు."

ఆయన మూత బిగించాడు. "దానికేముంది. మేత చాలకపోతే ముసలి ఆవునే కదా ముందు తోలేది."

"అలా అనకండి."

"ఊరికే అన్నాలే టీచరమ్మా. నోటుపుస్తకం కొనేశాను, అదొక్కటే."

మర్నాడు పట్టీ ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా వెర్నా పేర్లు చూసి, "మీ ముసలాయన మానేశాడా?" అంది.

"కుర్చీ లేదుగా."

"మీ గదిలో ముప్పై కుర్చీలున్నాయి. ఫీజు కట్టనివాళ్ళు అసలు లెక్కలోకే రారు. ఒక్క మాట నన్నడిగితే ఏం పోయేది?"

ఏమీ పోయేది కాదు. తెలియనిది అడగడమంటే మావాళ్ళకు నామర్దా.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. "పొరపాటు నాదే, రండి," అన్నాను.

"ఎందుకులెండి, పిల్లల్ని చదువుకోనీయండి."

"లేదు, రండి."

"మీకు మాట వస్తుంది టీచరమ్మా. ఎందుకా శ్రమ?"

ఇక మూడోసారి అడగాలి. సిగ్గేసింది. వెళ్ళగొట్టింది నేనే, బతిమాలడానికి ఏ మొహం పెట్టుకోను? "సరే, మీ ఇష్టం," అని పెట్టేశాను.

వసంతంలో ర్యాంకులొచ్చాయి. మేము ఒక మెట్టెక్కాం. క్లిఫ్ కేకు కోశాడు. నా కాంట్రాక్టు నిలబడింది. అదే వారం కిరాణా కొట్లో హాల్వర్ కనబడ్డాడు, బుట్టలో ఒకే ఒక సూప్ డబ్బా.

"సోమవారం ఫార్గో వెళ్ళిపోతున్నా. అక్కడి వృద్ధాశ్రమంలో గది దొరికింది," అన్నాడు.

"వెళ్ళకండి. క్లాసుకు రండి హాల్వర్ గారూ." మూడోసారి అడిగాను.

ఆయన నవ్వాడు. "ఆ రోజు ఫోను పక్కనే అన్నం తిన్నాను, మళ్ళీ చేస్తారేమోనని. ఇప్పుడు ఇల్లు అమ్మేశాను టీచరమ్మా."

మంగళవారం ఇంటినుంచి కాఫీ నేనే పట్టుకెళ్ళాను. క్లాసయ్యాక పిల్లలు పంతొమ్మిది మందీ వెళ్ళిపోయారు. ఒక్క మూతలోనే పోసుకుని, ఎవరూ అడక్కుండానే తాగాను.