మూడు హారన్లు

స్కూలు వ్యాను తోలే ఆ మనిషిని అందరూ నత్త అంటారు. ఎంత ఖాళీ రోడ్డు దొరికినా బండిని పరిగెత్తించడు. ఏళ్ల తరబడి పసిపిల్లల్ని ఎక్కించి దించి కాలికి ఆ అలవాటు పట్టేసింది. అందుకే సైకిళ్ల యాత్రకి వెనక ఒక వ్యాను కావాలన్నప్పుడు అతని బావ ఇంకెవర్నీ అడగలేదు. "సైకిళ్ల వెనక తోలడానికే పుట్టాడు మా బావమరిది," అని నలుగురిలో అని అందర్నీ నవ్వించాడు.

ఆ బావ తను నవ్వి మాత్రం చాలాకాలమైంది. పోయినేడు కొడుకు పోయాడు. కాలేజీ పిల్లాడు. లోపల ఏం తొలిచిందో ఏమో, ఎవరికీ చెప్పుకోకుండా తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఏడ్చి ఏడ్చి, చివరికి తండ్రి సైకిలెక్కాడు. మనసు బాగోలేని వయసు పిల్లల్ని చూసే ఆస్పత్రి ఒకటి ఉంది వాళ్ల ఊళ్లో. దానికి చందాలు పోగుచేస్తాననీ, దారిలో ప్రతి ఊళ్లోనూ ఆగి తల్లిదండ్రులకి నాలుగు మాటలు చెబుతాననీ బయల్దేరాడు. మంచి పనే. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? స్నేహితులూ, ఆఫీసువాళ్లూ, ముక్కూమొహం తెలియనివాళ్లూ వెంట కదిలారు. అందరికీ ఒకే రంగు చొక్కాలు, వీపు మీద ఆ పిల్లాడి ఫొటో.

యాత్రకి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు పోయేవాడికి గొయ్యి కనబడితే "గొయ్యి!" అని అరుస్తాడు. వెనకవాడు అందుకుంటాడు, వాడి వెనకవాడు అందుకుంటాడు, అలా ఆ కేక వ్యాను దాకా వస్తుంది. వెనకనుంచి ముందుకి కబురు పంపాలంటే మాత్రం నోరు పనికిరాదు, గాలి మింగేస్తుంది. అందుకని వ్యాను మూడుసార్లు హారన్ కొడితే ఎవరో పడ్డారని గుర్తు. ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. ఆ రూలు పెట్టింది బావే.

వ్యానులో నత్త పక్కన బావ కూతురు కూర్చునేది. ఇంట్లో అందరూ చిన్నది అంటారు. ఈ మధ్యే కాలేజీలో చేరింది. "గదిలోంచి బయటికి రావడం లేదురా తమ్ముడూ, నాన్న పక్కనుంటే కాస్త తేరుకుంటుందేమో," అని అక్క పంపింది. సీసాల్లో నీళ్లు నింపడం, పళ్లు కొయ్యడం, రొట్టెలు పంచడం ఆ పిల్ల పని. అందరికీ పంచేది, తన వాటా మాత్రం కాగితంలో చుట్టి తలుపు అరలో దోపేది.

నత్త అది చూశాడు. "ఏమే, తలుపులో బేకరీ పెడుతున్నావా?"

"ఆకలిగా లేదు మామయ్యా."

"నిన్నా లేదు, మొన్నా లేదు. అది కూడా సైకిలెక్కి పోయిందా?"

వేరే రోజుల్లో అయితే పకపకా నవ్వేది. ఇప్పుడు అద్దంలోంచి ముందుకే చూస్తోంది. వంగిన వీపులన్నిటి మీదా అన్నయ్య మొహం పైకీ కిందకీ ఊగుతోంది.

"ఇంతమంది అన్నయ్యలు పోతున్నారు," అంది. "ఒక్కడూ వెనక్కి తిరగడు."

నత్త బండిని ఇంకాస్త నెమ్మది చేశాడు. ఆ పిల్లే మళ్లీ అంది. "వాడికెలా ఉండేదో నాకిప్పుడు తెలుస్తోంది మామయ్యా. నాకూ అలాగే ఉంటోంది."

"నాన్నకి చెప్పావా?"

"రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి ఫోనొచ్చింది. ఇంకోసారి తల నిమిరి, నీకేంటమ్మా, నువ్వు గట్టిదానివి అన్నాడు."

"అమ్మకి?"

"ఇంకొకటి వినే ఓపిక అమ్మకెక్కడుంది?"

మధ్యాహ్నం ఒక స్కూలు హాల్లో ఆగారు. బావ మైకు పట్టుకున్నాడు. "మావాడు చివరిదాకా 'ఏం లేదు నాన్నా' అనే అన్నాడు. నేను నమ్మాను. మీరు నమ్మకండి. ఎంత పనున్నా పక్కన పెట్టి, పిల్లల దగ్గర కూర్చోండి." హాల్లో ముక్కులు చీదుతున్న చప్పుడు. మాటలన్నీ నిజాలే. గుమ్మంలో నిలబడి విన్న నత్త కూడా కళ్లు తుడుచుకున్నాడు.

బావ స్టేజీ దిగగానే నత్త పక్కకి లాగాడు. "బావా, చిన్నదాని దగ్గర ఒక్కసారి కూర్చో."

"సాయంత్రం కూర్చుంటా."

"సాయంత్రం దాకా ఆగే సంగతి కాదు."

"ఆఖరి ఊళ్లో జనం ఎదురుచూస్తున్నార్రా. ఇప్పుడు కదలకపోతే ఎప్పటికి చేరతాం?" అంటుండగానే ఎవరో ఫొటోకి పిలిచారు. బావ అటు తిరిగాడు.

మళ్లీ రోడ్డు. మళ్లీ ఊగే వీపులు. కొంత దూరం పోయాక నత్త పక్కకి చూశాడు. ఆ పిల్ల చెయ్యి తలుపు పిడి మీదుంది. ఊరికే పెట్టిందో, ఎందుకు పెట్టిందో అతను అడగలేదు. స్కూలు పిల్లలు దూకకుండా పెట్టించిన లాకు ఒకటుంది. టక్కున వేశాడు. వేసి, హారన్ మూడుసార్లు కొట్టాడు.

సైకిళ్లన్నీ కీచుమంటూ ఆగాయి. బావ చెమటలు కక్కుకుంటూ వెనక్కి తొక్కుకొచ్చాడు. "ఎవరు పడ్డారు?"

"నీ కూతురు."

బావ వ్యానులోకి తొంగిచూశాడు. "సీట్లోనే ఉంది కదరా! సైకిలే ఎక్కనిది ఎక్కణ్ణుంచి పడుతుంది?"

"నత్తకి కునుకు పట్టి తల హారన్ మీద పడుంటుంది!" అని ఎవరో అంటే అంతా నవ్వారు.

నత్త దిగి బావ చెవిలో చెప్పాడు. "పెద్దోడికి ఎలా ఉండేదో తనకీ అలాగే ఉందంటోంది."

బావ మొహం పాలిపోయింది. కిటికీ దగ్గరికెళ్లాడు. చిన్నది అద్దం దించింది. చుట్టూ మూగినవాళ్లందరూ ఆ పిల్ల మొహంలోకే చూస్తున్నారు.

"ఏంటమ్మా?"

"ఏం లేదు నాన్నా."

బావ బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "విన్నావుగా," అన్నాడు నత్తతో.

"నువ్వు మైకులో ఏం చెప్పావు బావా?"

బావ పెడల్ మీద కాలు పెట్టి, తల తిప్పకుండా అన్నాడు. "ఆగడం నావల్ల కాదురా. ఆగానంటే వాడొచ్చి ఎదురుగా కూర్చుంటాడు."

వెళ్లిపోయాడు. వెనకే అందరూ వెళ్లారు. అంతమంది అన్నయ్యలూ మలుపు తిరిగేదాకా చూసి, నత్త నీళ్ల డబ్బాలనీ మందుల పెట్టెనీ రోడ్డు పక్క టీకొట్టులో దించాడు. బావకి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. స్టీరింగు గిర్రున తిప్పి వ్యానుని వెనక్కి మళ్లించాడు. ఆ రోజు అతను తోలిన తోలుడు చూస్తే నత్త అన్న నోళ్లు మూతపడేవి.

వాళ్లు చందాలు పోగుచేస్తున్న ఆస్పత్రికే వెళ్లాడు. డాక్టరమ్మ చిన్నదాన్ని లోపలికి తీసుకెళ్లి తలుపేసింది. నత్త బయట బెంచీ మీద కూలబడ్డాడు. ఎదురుగా గోడ మీద యాత్ర పోస్టరు, అందులో బావ సైకిలు మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. "ఎక్కడ చచ్చావురా? స్టేజీకి కట్టాల్సిన బ్యానరు వ్యానులోనే ఉండిపోయింది!" వెనకనుంచి చప్పట్లు వినబడుతున్నాయి.

"ఆస్పత్రిలో ఉన్నాం బావా. చిన్నది డాక్టరమ్మతో మాట్లాడుతోంది."

అవతల చప్పట్లు ఆగాయి. ఎవరో మైకులో బావని వేదిక మీదికి పిలిచారు. మళ్లీ పిలిచారు.

"సరే... ఇక్కడ రెండు మాటలు మాట్లాడేసి వస్తాను," అని బావ పెట్టేశాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. చిన్నది వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"నాన్న ఫోన్ చేశాడా?"

"చేశాడు."

"ఏమన్నాడు?"

బ్యానరు మాట నత్త గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. "వస్తున్నాడట."

చిన్నది గోడ మీది పోస్టరు వంక చూసింది.

"దేని మీద? సైకిలు మీదా?" అంది.

యాత్ర మొదలైన దగ్గర్నుంచీ ఆ పిల్ల వేసిన జోకు అదొక్కటే. నత్తకి నవ్వు రాలేదు.