మారిన చొక్కాలు

నలభై ఏళ్లు వీధి మలుపులో బల్ల వేసుకుని ఇస్త్రీ చేశాను. నా బొగ్గుల పెట్టె వేడికి వానచినుకులు బల్ల మీద పడకముందే భయపడి వెనక్కి వెళ్లిపోయేవి. మందులషాపాయన ఈ మాట ఒక్కనాడూ నమ్మలేదు. అయినా ఒక్క చొక్కా పట్టుకొచ్చి, గంటసేపు నిలబడి వినేవాడు.

ఇంతలో ఎదురుగా అద్దాల తలుపుల లాండ్రీ వచ్చిపడింది. వీధిలో మిగతా రెండు బల్లలూ ఎత్తేశారు. మా కోడలు మాత్రం నడుం బిగించింది. ఫోన్ చేస్తే చాలు, ఇంటికొచ్చి బట్టలు తీసుకెళ్లి సాయంత్రానికి అందిస్తామంది. మావాణ్ణి స్కూటరెక్కించింది. వెనకగదిలో ఆవిరి ఇస్త్రీపెట్టెలు పెట్టించింది. ఏడాది తిరక్కుండా అద్దాలవాళ్ల గిరాకీ సగం మా ఇంట్లో ఉంది. గట్టి పిల్ల, కాదనను.

నా బల్ల మాత్రం పోయింది. నంబర్లు చూసి చొక్కాలు సంచుల్లో సర్దడం నా పని. రోజుకు రెండొందల చొక్కాలు వస్తాయి, ఒక్కదాంట్లోనూ మనిషి ఉండడు.

"మందులషాపాయన ఎలా ఉన్నాడ్రా?" అని మావాణ్ణి అడిగాను.

"నూటపద్నాలుగేనా నాన్నా? తలుపు తీశాడు, సంచి తీసుకున్నాడు. బాగానే ఉన్నట్టు."

ఒకరోజు నా బుద్ధి గడ్డి తిన్నది. మందులషాపాయన చొక్కా, ఒకప్పుడు నా బల్ల దగ్గరికే వచ్చే డ్రిల్లు మాస్టారి సంచిలో, మాస్టారిది ఈయన సంచిలో పెట్టేశాను. షాపాయన చొక్కాలో మాస్టారు దూరితే, ఆయన సైకిలుకి కూడా చోటు మిగులుతుంది. దెబ్బలాటకైనా ఇద్దరూ రాకపోరు. గుమ్మం దగ్గర రెండు స్టూళ్లు వేసి, తల దువ్వుకుని కూర్చున్నాను.

ఫోన్ మోగింది.

"అయ్యో, పొరపాటైందండీ. పది నిమిషాల్లో పంపిస్తాం," అంది కోడలు. మళ్లీ మోగింది. మళ్లీ అదే మాట. స్కూటరు వెళ్లింది, వచ్చింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"మావయ్యా, నంబర్లు కనబడ్డంలేదా?"

నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు. "కాస్త మసగ్గా ఉంటున్నాయమ్మా," అన్నాను.

"ముందే చెప్పొద్దూ! నాకే బుద్ధి లేదు, మీచేత ఇంకా చాకిరీ చేయిస్తున్నాను. రేపట్నుంచి మీరిక్కడికి రావద్దు. మేడమీద గదిలో హాయిగా ఉండండి."

"ఊరికే కూర్చుంటే తుప్పు పడతానమ్మాయ్!"

"పట్టండి. తోమడానికి నేను లేనూ?"

నవ్వింది. నేనూ నవ్వాను. నా చేతిలోని చీటీల కట్ట మెల్లగా తీసేసుకుంది.

మేడమీద గాలి బాగా వస్తుంది. ఇరవై రెండు మెట్లు. భోజనం కూడా వేళ తప్పకుండా పైకే వస్తుంది.