కవర్ మీది నోరు

"నోరు జర మెల్లగ. పక్క పోర్షనోళ్ళు వింటరు." పాలు పొంగుతున్నాయని వంటింట్లోంచి కేకేసినందుకు స్వర్ణతో భర్త ప్రహ్లాద్ అన్న మాట అది. పెళ్లయిన పదహారేళ్లుగా వింటున్నదే. స్వర్ణ నోరు మూసుకుని స్టవ్ తుడిచి, టిఫిన్లు సర్ది, అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి నడిచింది. అక్కడ పెళ్లికార్డుల షాపులో కంప్యూటర్ మీద బొమ్మలేసి కార్డులు తయారుచేయడం ఆమె ఉద్యోగం. రోజంతా వినాయకుడూ, అరటాకులూ, ఎవరెవరివో ఇంటిపేర్లూ.

ఆ వారం మాత్రం వేరే పని తగిలింది. నారాయణగూడలో ఓ మేడ మీద రాక్ పాటలు వాయించే పిల్లలు తమ కొత్త పాటకు కవర్ బొమ్మ కావాలన్నారు. నెట్‌లోంచి ఏదో గిటార్ దింపి పడెయ్యమన్నాడు షాపు యజమాని జగదీశ్వర్. స్వర్ణ ఊరికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నది. డ్రమ్ములూ గిటార్లూ ఉన్నట్టుండి ఆగిపోయాయి, పాడే పిల్ల అనూహ్య మాటల్లేకుండా గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపును మళ్లీ మళ్లీ విన్నాక, గిటార్ బదులు దాన్నే గీయాలనుకుంది స్వర్ణ. ఎలా గీయాలో తెలియక షాపు బాత్‌రూం అద్దం ముందు చప్పుడు రాకుండా నోరు తెరిచింది. ఫోటో తీసుకుంది. ఆ నోరే గీసింది, ఎర్రగా, కొండనాలుక దాకా, పుచ్చుపన్నుతో సహా.

అనూహ్య వచ్చి బొమ్మ ముందు నుంచి కదల్లేదు. "ఎవరేశిన్రు అక్కా? కవర్ మీద పేరు పెడ్తం."

స్వర్ణ సిగ్గుతో చచ్చిపోయింది. ఆడబిడ్డల వాట్సాప్ గ్రూపులో ఆ పుచ్చుపన్ను, దాని కింద తన పేరు కళ్ల ముందు మెదిలాయి. ఏఐ వేసిందని, తను సర్దానంతేనని చెప్పింది. జగదీశ్వర్ తలూపాడు. అనూహ్య ముఖం చిన్నబోయింది. అయితే కవర్ మీద 'బొమ్మ: ఏఐ' అనే రాయమంది.

స్వర్ణ 'బొమ్మ' అని కొట్టి ఆగిపోయింది. ఇక్కడ ప్రహ్లాద్ లేడు. పక్క పోర్షన్ వాళ్లు లేరు. నోరు మూయమని ఎవరూ అనలేదు, అయినా మూసుకుంది. ఇందాకటి సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిది?

"నేనే ఏశిన. అద్దంల నా నోరు చూస్కొని ఏశిన. సిగ్గయ్యి అబద్ధం చెప్పిన."

ఇంట్లో ఏమైనా అంటారేమో, పేరు మార్చి పెట్టనా అని అనూహ్య మెల్లగా అడిగింది.

"అవసరం లేదు. ఇంట్ల నేను చెప్పుకుంట," అంది స్వర్ణ, తన పేరు కొడుతూ.