పాతర నిచ్చెన

ఉగాది వెళ్ళి ఎండలు ముదిరాయంటే చాలు, సుబ్బమ్మ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. "పొయ్యిలో నిప్పు ఆర్పారా? ఆ చుట్టపీక ఎక్కడ పడేసి చచ్చావు? చూరు కింద కుండల్లో నీళ్ళున్నాయా, ఆవిరైపోయినయ్యా?" అంటూ తనిల్లూ పొరుగిల్లూ అని లేకుండా తగులుకునేది. చిల్లకల్లు దగ్గరున్న ఆ చిన్న ఊళ్ళో ఒకటి రెండు పెంకుటిళ్ళు తప్పితే మిగతావన్నీ తాటాకు కొంపలే. పడమటి గాలి లేచిన మధ్యాహ్నం ఒక్క నిప్పురవ్వ ఎగిరిందా, వీధి వీధంతా బుగ్గే. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారేమని ఆవిడ బాధ.

కోడలు పుష్పవతిది నందిగామ. పెంకుటింట్లో పుట్టి పెరిగిన పిల్ల. కాపరానికొచ్చిన కొత్తలో, అత్తగారు చూరు కింద వరసగా నీళ్ళకుండలు పెట్టించడం చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఏంటత్తయ్యా, మనింట్లో పెళ్ళా? ఐరేణి కుండలు పెట్టించారు?" అంది.

"నవ్వవే, నవ్వు! ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వుతారటే మీ నందిగామోళ్ళు?" అని దులిపేసింది సుబ్బమ్మ.

ఆ తర్వాత అమ్మలక్కలు చెబితే అసలు సంగతి తెలిసి పుష్పవతి మళ్ళీ ఆ కుండల్ని చూసి నవ్వలేదు. సుబ్బమ్మకి తొలిచూలు ఆడపిల్ల. ఆ పిల్ల చిన్నప్పుడు ఓ ఎండాకాలం ఊరు తగలబడింది. పిల్ల వీధిలోనే ఎక్కడో ఉందనుకున్నారు అందరూ. మంటలు చూసి జడుసుకుని అది ఇంట్లోకి పరిగెత్తి ఖాళీ గాదెలో దాక్కుంది. ఇల్లు చల్లారాక గానీ ఆ సంగతి బయటపడలేదు. సుబ్బమ్మ దాని గురించి ఎవరితోనూ మాట్లాడేది కాదు. "నిప్పు పుడితే పెద్దాళ్ళు బయటికి ఉరుకుతారు, పిల్లలు లోపల దాక్కుంటారు" అని మాత్రం వీలు దొరికినప్పుడల్లా అనేది.

అందుకే మనవరాలు భారతికి దాక్కునే చోటు తనే చూపించింది. అది వాకిట్లో ఉన్న జొన్నల పాతర. నిలువెత్తు కంటే లోతుగా భూమిలో తవ్వి, లోపల గడ్డి పేర్చి, జొన్నలు పోసి, మూతి మీద రాతిపలక వేసి మట్టి మెత్తే గొయ్యి. ఏటా ఎండలు ముదరకముందే అది ఖాళీ అయ్యేది. పైన ఊరంతా మండినా లోపలికి సెగ తగలదు. కిందటి వేసవంతా నిచ్చెన మీద పిల్లను దింపుతూ ఎక్కిస్తూ ఆటలాగా నేర్పింది.

"నిప్పో అంటే ఎక్కడికెళ్ళాలి?"

"పాతరలోకి!"

"ఎవర్నన్నా అడగాలా?"

"ఎవర్నీ అడగకూడదు!" అని భారతి చప్పట్లు కొట్టేది.

పాతరతో ఒక చిక్కుంది. ఒక్క రాత్రి మూతేసి ఉంచినా లోపల గాలి చెడిపోతుంది. రాయి తీసీ తియ్యగానే దిగినవాడు మళ్ళీ పైకి రాడు. అందుకని మూత తీసి పూటంతా అలా వదిలేస్తారు. తర్వాత తాడుకి దీపం కట్టి లోపలికి దింపుతారు. దీపం నిలిస్తేనే మనిషి దిగుతాడు. పాతరలున్న ఇళ్ళల్లో ఇది ఉగ్గుపాలతో వచ్చిన తెలివి. అంత తెలిసిన సంగతి గనకే ఒకరికొకరు చెప్పుకునే పని పడదు.

ఆ ఏడు జొన్నలకి ధర లేదు. సుబ్బమ్మ కొడుకు బసవయ్య వైశాఖం వచ్చినా పాతర తియ్యలేదు. సుబ్బమ్మ ఊరుకుంటుందా? పొద్దున లేచింది మొదలు ఒకటే పోరు.

"నీ ధర మండిపోనూ! నిప్పుల రోజులొచ్చినయిరా. ముందు పిల్లకి చోటు చెయ్యి."

"అబ్బబ్బ, నీతో పడలేక చస్తున్నానే అమ్మా" అని విసుక్కుంటూనే బసవయ్య జొన్నలు తీయించి బస్తాలకెత్తాడు. ఆ సాయంత్రం మబ్బు పట్టేసరికి, అడుగున ఇంకా నాలుగు గింజలున్నాయి తడుస్తాయేమోనని మళ్ళీ రాయి వేసి మట్టి మెత్తాడు. వాన రాలేదు. తెల్లారి బస్తాలు బండికెత్తి జగ్గయ్యపేట బయల్దేరే ముందు రాయి పక్కకి దొర్లించి, అలవాటు కొద్దీ నిచ్చెన లోపల నిలబెట్టి, "వచ్చాక దీపం దించి చూస్తా" అని వెళ్ళిపోయాడు. సుబ్బమ్మ తలూపింది. భారతి మేకపిల్లని చంకలో ఇరికించుకుని పాతర వైపు చూస్తూ నిలబడింది. తన చోటు మళ్ళీ తెరిచారని దాని సంబరం.

పుష్పవతి బట్టల మూట తీసుకుని వాగుకి వెళ్ళింది. ఎండ నడినెత్తికి వచ్చింది. పడమటి వీధిలో ఎవరింట్లో పుట్టిందో గానీ, "నిప్పో! నిప్పో!" అన్న కేక వినపడేసరికే గాలి మంటని నాలుగిళ్ళ మీదుగా లాక్కొచ్చేసింది. కాలే తాటాకులు కాకుల్లాగా ఎగిరొచ్చి పడుతున్నాయి.

సుబ్బమ్మ కాళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఎదురుచూసింది ఈ రోజు కోసమే కదా!

"భారతీ! నిప్పే! నీ చోటికి పోవే!" అని అరిచి, చూరులో దోపిన కొడవలి లాగి పెరట్లోకి ఉరికింది. గొడ్ల పలుపులు తెంచి పొలం వైపు తోలింది. మళ్ళీ వాకిట్లోకి వచ్చేసరికి పొగలో పక్కింటి ఖాజావలి కనపడ్డాడు. పాతరలోంచి నిచ్చెన పీక్కుని పరిగెత్తబోతున్నాడు.

సుబ్బమ్మ ఒక్క గంతులో నిచ్చెన రెండో కొస పట్టుకుంది. "ఒరే ఖాజావలీ! అది నా మనవరాలి నిచ్చెనరా! పిల్ల ఎట్టా ఎక్కుద్దిరా! అక్కడ పెట్టు!"

"ఇప్పుడే తెస్తా పెద్దమ్మా! ఎదురింటి కప్పు లాగెయ్యకపోతే మీ ఇల్లూ పోద్ది, మా ఇల్లూ పోద్ది!"

"నీ చేతులు పడిపోనూ! వదలరా!"

ఇద్దరూ కాసేపు గుంజుకున్నారు. ఖాజావలి వయసులో ఉన్నవాడు. ఒక్క ఊపున లాక్కుని పోయాడు. సుబ్బమ్మ తిట్లు వీధి చివరిదాకా అతని వెనకాలే వెళ్ళాయి.

ఖాజావలి చెప్పినట్టే, ఎదురింటి కప్పు లాగేసేసరికి నిప్పుకి దారి తెగింది. చూరు కింద కుండల్ని చేతులు మార్చి మార్చి తడికెల మీద, వాసాల మీద కుమ్మరించారు. మంట వీధి సగంలో ఆగింది. సుబ్బమ్మ ఇల్లు నిలిచింది. ఆవిడ ముఖాన మసి, కళ్ళల్లో నీళ్ళు, లోపల చెప్పరాని గర్వం.

అప్పుడు పుష్పవతి తడిచీరతో రొప్పుతూ వచ్చింది. "అత్తయ్యా! పాపేదత్తయ్యా?"

"ఎందుకే ఆ కంగారు? నీ కూతురు మహారాణిలాగా పాతరలో కూచుంది. ఆ రోజు నవ్వావు గదా, ఇప్పుడు చూడు. నేనే పంపించా. పోవే నీ చోటికని..."

మాట అక్కడే తెగిపోయింది. పొద్దున దొర్లించిన రాయి ఎదురుగా కనపడింది. దీపం దింపలేదు. ఎవరూ దింపలేదు. తన నోటితో తనే పంపింది.

"ఏంటత్తయ్యా? అట్టా చూస్తారేంటి?"

సుబ్బమ్మ పాతర మూతి దగ్గర మోకాళ్ళ మీద పడి, "భారతీ! ఓ భారతీ!" అని పిలిచింది. పలుకు లేదు. పక్కన ఇంకా భగ్గున మండుతున్న తాటిమట్ట ఉంటే అందుకుని లోపలికి చాపింది. ఊరిని కాల్చిన నిప్పది. ఇంతమంది ఇన్ని కుండల నీళ్ళు పోసినా ఒక పట్టాన లొంగనిది, పాతరలో చెయ్యి అందినంత దూరం దిగిందో లేదో, ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది. ఆరేముందు ఆ వెలుగులో అడుగున తెల్లగా ఏదో కనపడింది. కదలడం లేదు.

పుష్పవతి కెవ్వుమంది. సుబ్బమ్మ కొంగు బిగించి దూకబోయింది. అప్పుడే నిచ్చెన తిరిగి తెస్తున్న ఖాజావలి దాన్ని పారేసి వచ్చి ఆవిడ నడుం పట్టేసుకున్నాడు. "నువ్వు దిగితే నువ్వూ పోతావు పెద్దమ్మా!"

"పోనీరా! ఒకదాన్ని గాదెలో పెట్టుకున్నా, ఒకదాన్ని పాతరలో పెట్టుకున్నా! నన్ను కూడా పోనీరా!"

"నాయనమ్మా" అని వెనక నుంచి వినపడింది.

కుడితి తొట్టి చాటునుంచి భారతి వచ్చింది. ఒళ్ళంతా బూడిద, బుగ్గల మీద కన్నీటి చారలు.

"నిచ్చెన లేదు నాయనమ్మా. మేకపిల్లని వెతికి తెచ్చి, ముందు దాన్ని లోపలికి వదిలా. నేను దిగుదామంటే నిచ్చెన లేదు. పిలుస్తున్నా, అది లేవట్లా. పడుకుంది."

పుష్పవతి పిల్లని గుండెలకి అదుముకుని నేల మీద కూలబడింది. సుబ్బమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆ నిచ్చెన కోసం తను ఎంత బలంగా లాగిందో అరచేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఇంకొక్క పిసరు బలం ఉండి ఉంటే గెలిచేదే.

తను చేసిన మేలేంటో ఖాజావలికి ఇంకా తట్టలేదు. నిచ్చెన ఎత్తి తెచ్చి గోడకి ఆనించాడు. "మెట్లు కాస్త కాలినయ్ పెద్దమ్మా. కొత్తది చేయించి ఇస్తా. తిట్టమాక."

సుబ్బమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "ఇందాక పడిపోవాలన్నా గదరా ఈ చేతులు" అంది. అతను తెల్లబోయి చూశాడు.

భారతి తల్లి ఒళ్ళోంచి తల ఎత్తింది. "నాయనమ్మా, మళ్ళీ నిప్పొస్తే ఎక్కడికెళ్ళాలి?"

ఆ ప్రశ్నకి జవాబు సుబ్బమ్మ దగ్గర ఎప్పుడూ నాలుక చివరే ఉండేది. ఇప్పుడు మాత్రం కోడలి పక్కన చతికిలబడి, కోడలి తడికొంగు పట్టుకుంది.

"నువ్వు చెప్పవే అమ్మాయ్. నాకు తెలియట్లా" అంది.