సార్ గదిలో కెటిల్

మా డిపార్ట్‌మెంట్ మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టి ఏడాదైంది. కరెంటు పోతే మాత్రం అవీ ఆగిపోయేవి. లైన్ల మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని అలా కట్టడి చేస్తారు. "నెత్తి మీద ఎండ, లోపల చీకటి. గిదేం సోలార్, నవనీతమ్మా?" అని అటెండర్ రాజలింగం ఏడిపించేవాడు. నాకు ఒళ్లు మండేది. అందుకే బ్యాటరీ కలిపి, కరెంటు పోగానే మా భవనం బయటి లైనుతో సంబంధం తెంచుకుని, తన మానాన తాను నడిచేలా అమర్చాను.

నిన్న దానికి పరీక్ష. మరమ్మతుల కోసం మధ్యాహ్నం క్యాంపస్ అంతా కరెంటు తీస్తామన్నారు. సాయంత్రం దాకా మా భవనం నిలబడితే, తార్నాకలో మా హాస్టల్‌కూ ఇదే పెట్టడానికి సంతకం చేస్తానన్నారు మా గైడ్ శశిభూషణ్ సార్. అక్కడ కరెంటు పోతే నీళ్ల మోటార్ ఆగుతుంది. తలకు షాంపూతో బకెట్ కోసం అరిచే బాధ నాకు తెలుసు.

కరెంటు పోయింది. మా ఫ్యాన్లు ఆగలేదు. నేను ఎగిరి గంతేశాను.

కబురు క్షణాల్లో పాకింది. ఫోన్లు, లాప్‌టాప్‌లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు పట్టుకుని పక్క డిపార్ట్‌మెంట్ల జనమంతా దిగారు. ఒకడైతే ఇస్త్రీపెట్టె తెచ్చాడు. "అన్నా, గిది పెట్టినవంటే నీ అంగీ కాదు, నా కొంప కాలుతది," అని గుమ్మంలోనే ఆపేశాను. మబ్బు పట్టినా బ్యాటరీ ఓర్చుకుంది. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

టీ వేళకు టప్‌మని అన్నీ ఆగిపోయాయి.

"ఎవలు పెట్టిన్రు, ఏం పెట్టిన్రు?" అని అరుస్తూ గదిగదీ వెతికాను. అందరూ నేను కాదంటే నేను కాదన్నారు. చివరికి సార్ గది మిగిలింది. బల్ల మీద కెటిల్, పక్కన రెండు కప్పులు.

"గెలిచావు కదమ్మా, నీక్కూడా టీ పెడుతున్నాను," అన్నారాయన.

"మీ కెటిలే ముంచింది సార్. అంత లోడు బ్యాటరీ మోయలేదు," అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన కెటిల్ ప్లగ్ పీకేశారు. "మళ్లీ వెయ్యి."

పరుగెత్తుకెళ్లి స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. బయట కరెంటు వచ్చేదాకా మళ్లీ ఆగలేదు.

"మీ హాస్టల్లో కెటిళ్లెన్ని?" అన్నారు సార్, పెన్ను తీస్తూ.

"గదికొకటి సార్. నాది కూడా."

"అయితే ముందు వాటి ప్లగ్గులకు బ్యాటరీతో సంబంధం లేని లైను వెయ్యి," అని నవ్వి సంతకం పెట్టారు.

హాస్టల్‌కు వెళ్లగానే నా కెటిల్ తీసి అటక మీద పడేశాను.