వెలుతురులోకి రమ్మన్న పాపం

నేను ఒక కెమెరాను. అబద్ధం చెప్పడం చేతకాని యంత్రమని లోకంలో నాకు పెద్ద పేరు. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను. ఇప్పుడు విజయనగరంలో ఒక కలర్ స్టూడియోలో, గాజు బీరువాలో కూర్చోబెట్టారు నన్ను. కుర్రకారు వచ్చి నా ముందే నిలబడి, మూతులు సున్నాలా చుట్టి, సెల్‌ఫోన్లలో ఫొటోలు దిగిపోతారు. వీళ్లు ఒక్క పూటలో తీసుకునేన్ని ముఖాలు నేను జన్మంతా చూడలేదు. చూసినవాటిలో ఒక్కటి మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు.

టేకు పెట్టె, తోలు తిత్తి, ఇత్తడి పట్టీ చుట్టిన కన్ను, ఇదీ నా ఒళ్లు. మద్రాసులో నన్ను కొని తెచ్చి, ఈ ఊళ్లోనే స్టూడియో పెట్టినవాడు కూర్మాచారి. అప్పట్లో ఫొటో దిగడమంటే పెళ్లిచూపులంత హడావిడి. వెనక తెర మీద ఊళ్లో ఎవరికీ లేని మేడ. మేకుకు ఒకే ఒక్క కోటు. ప్లీడరు గుమాస్తా దగ్గర్నుంచి బెల్లం వ్యాపారి దాకా అందరూ అందులోనే దూరి దొరలయ్యేవారు. నవ్వితే పరువు తక్కువ. మూడు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. కూర్మాచారికి ఒకటే పిచ్చి, ముఖం మీద వెలుతురు పడాలి. "ఇలా వెలుతురులోకి రండి" అంటూ ఎంతటివాళ్లనైనా గడ్డం పట్టుకుని తిప్పేసేవాడు. మనిషి మంచివాడే. ఆ అలవాటే కొంప ముంచింది.

యుద్ధం వచ్చింది. కూర్మాచారి పటాలంలో ఫొటోలు తీసే ఉద్యోగంలో చేరి, నన్ను బర్మా సరిహద్దు అడవులకు మోసుకుపోయాడు. అక్కడ పైవాళ్లకు నవ్వే సిపాయిలు కావాలి. చచ్చినవాళ్లను తీసిన గాజు ఫొటో పలకలు పెట్టె అడుక్కి పోయేవి, నవ్వినవాళ్లు పేపరుకెక్కేవారు. నిన్నటిదాకా నవ్వొద్దన్న మనుషులు ఇప్పుడు నవ్వండి బాబూ అని బతిమాలుతుంటే, వీళ్ల తీరు నాకు బోధపడలేదు.

ఆ పటాలంలో తవుడు అనే మా పక్క పల్లె కుర్రాడున్నాడు. ముందు పుట్టిన ముగ్గురూ పోతే, వాళ్లమ్మ గౌరమ్మ వీడైనా దక్కాలని, పుట్టగానే వీణ్ణి దోసెడు తవుడుకు పొరుగింటికి అమ్మేసి, మళ్లీ తెచ్చుకుని ఆ పేరు పెట్టుకుంది. ఫొటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని ఏనాడూ వాణ్ణి మా స్టూడియో గడప తొక్కనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం కందకం చివర మేం తప్ప ఎవరూ లేనప్పుడు వాడే అడిగాడు.

"ఆచారి బాబూ, నాకో ఫొటో తియ్యండి. అమ్మకి పంపుతాను. సూసినావా, ఫొటో దిగినా నాకేటీ అవనేదు అని రాయిస్తాను."

కందకంలో నీడ. పైన ఇసుక బస్తాల మీద మాత్రం చక్కటి ఎండ పడుతోంది. అది చూడగానే కూర్మాచారికి తానెక్కడున్నాడో గుర్తులేకుండా పోయింది. స్టూడియోలో ఉన్నట్టే అనేశాడు.

"అలా పైకెక్కు నాయనా. మొహం మీద వెలుతురు పడాల. కదలకు. ఒకటి, రెండు..."

తవుడు పైకెక్కి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. మూడు అనగానే నేను తెరిచిన కన్ను మూశాను. మరుక్షణం ఎక్కణ్నుంచో తూటా వచ్చి తగిలి, వాడు వెనక్కి పడిపోయాడు.

సాయంత్రానికి ఆ చోటు శత్రువు చేతిలోకి పోయింది. శవం అక్కడే ఉండిపోయింది. ఎందుకు పైకెక్కించావని అడుగుతారన్న భయంతో కూర్మాచారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. గౌరమ్మకు సర్కారు నుంచి ఉత్తరం వెళ్లింది, మీవాడి జాడ తెలియడం లేదని.

యుద్ధం ముగిసి ఇంటికొచ్చాం. సంత రోజున ఊళ్లోకి వచ్చినప్పుడల్లా గౌరమ్మ స్టూడియో మెట్ల దగ్గర ఆగేది.

"మా గుంటడు అక్కడెక్కడైనా అగుపించినాడా బాబూ?"

"వస్తాడమ్మా," అనేవాడు కూర్మాచారి, తల పైకెత్తకుండా. వాడి ఫొటో సొరుగులో ఉంది. చూసింది నేను. ఉన్నది ఉన్నట్టు చూపిస్తానని గొప్పలు పోయిన నేను, ఆ ముసలిదాని ముందు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఛీ, నా బతుకు!

అలా పదకొండేళ్లు గడిచాయి. పరీక్షల ఫారాలకు బిళ్లంత ఫొటోలు దిగే కాలం వచ్చింది. ఒక రోజు గౌరమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని లోపలికే వచ్చేసింది.

"నాకో ఫొటో తియ్యండి బాబూ."

కూర్మాచారి నిర్ఘాంతపోయాడు. "నువ్వా? నీకెందుకమ్మా?"

"ఆడు ఆ బర్మాలోనే, రంగంలో ఎవుర్తినో కట్టుకుని కాపరం పెట్టినాడంట. అందరూ అదే అంతన్నారు. ఓడెక్కి నానే ఎల్తాను. ఆడి ఫొటో నేదు గదా. ఆడిదీ నాదీ ఒకటే మొకం. నా మొకం సూపించి అడుగుతాను."

కూర్మాచారి ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చాడు. నా అద్దం మీద ఆమె ముఖం పడింది. అచ్చం తవుడే. కూర్మాచారి గుడ్డ కిందనుంచి చప్పున బయటికొచ్చి, సొరుగు లాగి, ఆ ఫొటో తీసి ఆమె చేతిలో పెట్టి, జరిగిందంతా నిలబడే చెప్పేశాడు.

ఆమె ఫొటో వైపు చాలాసేపు చూసింది. దాన్ని కుర్చీలో పెట్టి, పెరట్లో నూతి దగ్గరకు నడిచింది. చావు కబురు విన్నవాళ్లు కట్టుబట్టలతో నెత్తిన నీళ్లు పోసుకోవాలి కదా. చేదతో తోడి పోసింది కూర్మాచారే. నీళ్లు కారుతూ లోపలికొచ్చింది.

"అమ్మని మరిసిపోయిన ఎదవ అని పదకొండేళ్లు ఆణ్ణి దుమ్మెత్తి పోసినాను బాబూ. పొద్దున లేత్తే అదే తిట్టు. సచ్చిపోయిన నా బిడ్డని నాసేత తిట్టించినారు మీరు."

కూర్మాచారి కాళ్ల మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. ఫొటో తడిసిపోతుందని అతని భుజం మీది తువ్వాలు లాక్కుని, దాన్ని అందులో చుట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.