ఆరు పుస్తకాలు, ఒక పక్కింటావిడ

కథల్లో సవతి తల్లులంతా ఎందుకంత పాపిష్టివాళ్లో పిన్నికి ఒక పట్టాన అర్థం కాలేదు. లైబ్రరీలో జానపద కథల బీరువా ముందు చతికిలబడి పుస్తకం తరవాత పుస్తకం తిరగేసింది. ఒకావిడ సవతి కూతుర్ని అడవిలో వదిలేసింది. ఇంకొకావిడ జల్లెడ చేతికిచ్చి నీళ్లు తెమ్మంది. మూడో ఆవిడ ఏకంగా అన్నంలో విషం కలిపింది. పోనీ జంతువుల కథలు ఏరుకుందామా అంటే, నక్క కనబడితే చాలు పాప ఆవలిస్తుంది.

పాప ఆమె భర్తకి మొదటి భార్య వల్ల పుట్టిన పిల్ల. ఎనిమిదేళ్లు. కన్నతల్లి ముఖం గుర్తు లేదు; ఈమెని పిన్నీ అంటుంది. ఉబ్బసం వల్ల రెండో తరగతి మధ్యలో బడి మానిపించాల్సొచ్చింది. బట్టలు కుట్టే పిన్ని, మిషన్ పక్కనే పీట వేసి తనే చదువు చెబుతోంది. ఏడాది చివర బడికి ఆరు కథల పుస్తకాలు పట్టుకెళ్లాలి. పెద్ద టీచరుగారు అందులోంచి ఏ పేజీ తీస్తే ఆ పేజీ పాప చదవాలి. చదివితే మూడో తరగతి. లేదంటే స్నేహితులంతా పైకెళ్లిపోయాక మళ్లీ రెండే. పాపకేమో కథ వినడమంటే ప్రాణం, చదవమంటే నోరు పెగలదు.

అందుకని పిన్ని గుండె రాయి చేసుకుని, సవతి తల్లులున్నా సరే, మంచి కథలున్నవే తెచ్చింది. తెచ్చి, పైకి చదివేటప్పుడు ‘సవతి తల్లి’ అని ఉన్నచోటల్లా ‘పక్కింటావిడ’ అని చదివేసింది. జల్లెడ ఇచ్చింది పక్కింటావిడ. విషం పెట్టింది పక్కింటావిడ. పక్కింట్లో నిజంగానే ఒకావిడ ఉందన్న సంగతి ఆ క్షణంలో ఈ మహాతల్లికి తట్టనే లేదు.

నెల తిరక్కుండా ఆ పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. రిటైరైన నర్సు, మాట ఖంగుమంటుంది.

“ఏమ్మా, మీ పాప నన్ను చూస్తే అటునుంచి అటే పారిపోతోందేం? నిన్న బిస్కెట్ ఇస్తే వాసన చూసి, తీసుకెళ్లి పూలకుండీలో పాతిపెట్టింది. నేనేం పాపం చేశాను?”

పిన్ని ఉన్నదంతా చెప్పేసింది. ఆవిడ కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

“నీ పాపం తెచ్చి నా నెత్తిన రుద్దావా? పర్లేదులే, మా కోడలు రోజూ చేసే పనే. కానీ ఎన్నాళ్లు దాస్తావు? రేపు పాపే చదువుకుంటే తెలిసిపోదూ?”

“చదువుకుంటే అంతకన్నా ఏం కావాలండీ,” అంది పిన్ని. అంది గానీ, ఆ రోజు వస్తే పాప తన మొహం ఎలా చూస్తుందోనని లోలోపల బెంగే.

పరీక్ష రోజు పెద్ద టీచరుగారు ఆరు పుస్తకాలూ బల్లమీద పరిచి, సరిగ్గా జల్లెడ కథే తీశారు. పిన్ని కుర్చీ అంచుకి జరిగింది.

పాప అక్షరాల కింద వేలు పెట్టి మొదలుపెట్టింది. తడబడలేదు. నాలుగు వాక్యాలు గడగడా చదివేసింది. ఇది ఎప్పుడు నేర్చుకుందిరా దేవుడా అని పిన్ని నోరు వెళ్లబెట్టింది. ఐదో వాక్యం దగ్గర వేలు ఆగింది.

“పక్కింటావిడ జల్లెడ ఇచ్చి నీళ్లు తెమ్మంది,” అంది పాప.

పెద్ద టీచరుగారు కళ్లజోడు తీసేశారు. “ఇందులో పక్కింటావిడ ఎక్కడుంది? ఇది చదవడం కాదమ్మా, విన్నది ఒప్పజెప్పడం. ఇంకో ఏడాది రెండులోనే కూర్చోబెడదాం.”

పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆ మాట మార్చలేదు.

“అక్కడేం రాసుందో నీకు తెలుసా?” అన్నారావిడ, ఈసారి కాస్త మెత్తగా.

పాప తలూపింది. “బిస్కెట్ పాతిపెట్టిన మర్నాడే చూశాను. ఎంత వెతికినా పుస్తకంలో పక్కింటావిడ లేదు.”

“మరి ఉన్నది చదవవేం?”

“పిన్ని బయటికెళ్తే చదువుతా.”

 ఇన్నాళ్లూ పిల్ల మనసు నొచ్చుకోకుండా తను కాపలా కాస్తున్నాననుకుంది పిన్ని. పిల్ల తనకి కాపలా కాస్తోంది. అదీ ఒక తరగతి పోగొట్టుకోవడానికి సిద్ధపడి.

ఆమె లేచి నిలబడింది. “నేను దీనికి సవతి తల్లిని, టీచరుగారూ. ఆ మాట మార్చి చదివింది నేనే. తప్పు నాది, దీనిది కాదు.” పాప పక్కకెళ్లి మోకాళ్లమీద కూర్చుంది. “చదువు తల్లీ. ఉన్నదున్నట్టు చదువు. నేనిక్కడే ఉంటాను.”

పాప ఆమె భుజానికి ఆనుకుని చదివింది. సవతి తల్లి తిట్టింది, కొట్టింది, పస్తు పడుకోబెట్టింది. ఒక్క మాట కూడా వదిలిపెట్టలేదు. పిన్ని కళ్లు తుడుచుకుంటూ విన్నది. ఆ ఘోరాలన్నీ విని ఇంత సంతోషపడిన సవతి తల్లి ఏ కథలోనూ ఉండదు. ఈ పిల్లని తనకిచ్చినందుకు, ఎప్పుడూ చూడని ఆ కన్నతల్లికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

పెద్ద టీచరుగారు కాగితం మీద మూడో తరగతి అని రాసి, ఇక చాలమ్మా అన్నారు. పాప పేజీ తిప్పేసింది. కథలో ఆ పిల్ల నీళ్లు తెచ్చిందో లేదో తేలేదాకా ఆపనంది.